నా ఒంటి మీద ఇంకొకరి చర్మం

అద్దం ముందు నిలబడి మెడ చూసుకునే ధైర్యం వచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను. ముందే రాసి ఉంటే మొత్తం మా ఆయన మీద తిట్లే ఉండేవి. ఇప్పుడు కూడా కొన్ని ఉంటాయి. ఆయనకు చెప్పే రాస్తున్నాను. మేడ్చల్‌లో బస్ డిపో వెనక సందులో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. అక్కడికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కొలతలు ఇచ్చేలోపే నా చేతుల వంక చూసి ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న వేస్తారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. కాలిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇందులో ఎక్కడో ఒక ముక్క పనికొస్తే అదే చాలు.

మార్చి నెల, ఎండలు ముదిరే ముందు

మా ఇల్లు శామీర్‌పేట వైపు పోయే దారిలో, పాత ఊరికీ కొత్త కాలనీకీ నడుమ ఉంటుంది. ఒకప్పుడు మా అత్తగారి వాళ్ల పొలం ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లున్నాయి. మా ఆయన శ్రీనివాస్ ఆ ప్లాట్లే చూపించి అమ్మిపెడుతుంటాడు. పొలం పోయినా రెండు బర్రెలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి, మా అత్తమ్మ వాటిని అమ్మనివ్వలేదు. మార్చి వచ్చిందంటే బోరు గాలి కొట్టడం మొదలుపెడుతుంది, ట్యాంకర్ కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. నీళ్లు పట్టుకోవడానికి మా వైపు ఏ ఇంట్లో చూసినా జీడిమెట్ల డ్రమ్ములే. ఫ్యాక్టరీల్లో రసాయనాల మందులు అయిపోయిన ఇనుప డ్రమ్ములు పాత సామాన్ల దుకాణాలకు వస్తాయి. వాటిని తెచ్చి, కడిగి, కోసి వాడుకుంటాం. నా పెళ్లిలో వంటవాళ్లకు నీళ్లు నింపింది కూడా వాటిలోనే. అవి ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో ఏముండేదో ఎవరూ అడగరు.

ఆ ఆదివారం మా ఆయన ఒక డ్రమ్ము తెచ్చి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి నిలువునా రెండు చెక్కలు చేద్దామనుకున్నాడు. ఒకటి బర్రెలకు తొట్టి, ఇంకొకటి నాకు బట్టలు నానబెట్టుకోవడానికి. మామూలుగా ఈ పనికి మా వాళ్లు ఉలి, సుత్తె తీసుకుని ఒక పూటంతా కొడతారు. ఈయనకు అంత ఓపిక ఎక్కడిది? గేట్లు చేసే వెల్డింగ్ షాపు నుంచి కోత మిషన్ అడిగి తెచ్చాడు.

“కవితా, జర వచ్చి గీ అంచు పట్టుకో. దొర్లుతాంది,” అని పిలిచాడు.

నేను నైటీలోనే ఉన్నాను. పోయి మూత వైపు కూర్చుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ముక్కుకు గోళ్ల రంగు వాసన లాంటిది తగిలింది.

“ఏందో వాసనొస్తాంది.”

“రెండుసార్లు కడిగిన. ఏం గాదు.”

మిషన్ ఇనుముకు తాకగానే రవ్వలు లేచాయి. ఆ వెంటనే చప్పుడు. మూత ఊడి నా భుజం పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది. దాని వెనకే లోపల అడుగున మిగిలిపోయిన మందు మంటతో సహా నా మీదికి వచ్చింది. చేతులు, ఛాతీ, పొట్ట, మెడ. ఎవరినో పిలవాలని మొహం పక్కకు తిప్పుకున్నట్టున్నాను, అందుకే మొహం మిగిలింది. నైటీ కాలి ఊడిపోలేదు, కరిగి ఒంటికి అంటుకుపోయింది. మా ఆయన గోనెసంచి తడిపి నన్ను చుట్టి కింద దొర్లించాడు. ఆయనకు ముంజేతులు, కనుబొమ్మలు కాలాయి.

ఒక్క నిమిషంలో వాకిలి నిండా జనం. ఒకామె టూత్‌పేస్టు పట్టుకుని వచ్చింది, ఇంకొకాయన పసుపు తెమ్మన్నాడు. సరిగ్గా అప్పుడే కాలనీ నుంచి వరలక్ష్మి గారు పాలచెంబుతో గేటు తీసుకుని వచ్చారు. వాళ్లాయన బ్యాంకులో పనిచేస్తారు, సొంతూరు భీమవరం వైపు. రోజూ మా దగ్గరే పాలు పోయించుకుంటారు. అప్పటిదాకా నాతో గట్టిగా పది మాటలు కూడా మాట్లాడి ఉండరు.

“ఆ పేస్టు అవతల పారేయండి ముందు! నీళ్లు పొయ్యండి, నీళ్లు! అంటుకున్న గుడ్డ పీకొద్దమ్మా, చర్మం వచ్చేస్తుంది,” అని ఆవిడ అరిచిన అరుపు నాకింకా వినబడుతుంది.

ఆ పొద్దునే ట్యాంకర్ వచ్చింది. ఇంట్లో వాడకానికి పట్టుకున్న నీళ్లన్నీ నా మీదే పోశారు. చాలాసేపు, మెల్లగా, ఆపకుండా. తర్వాత ఉతికిన దుప్పటి కప్పి కారెక్కించారు. ఆ నీళ్లు లేకపోతే గాయం ఇంకా లోతుకు దిగేదని తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఇది చదివేవాళ్లు మిగతావి మరిచిపోయినా ఆ నీళ్లను గుర్తుపెట్టుకోండి. మందుల డ్రమ్ములను మిషన్‌తో కోయడం మాత్రం ఎంత కడిగినా వద్దు.

ఉగాది ముందూ వెనకా

మేడ్చల్‌లో చూపిస్తే ఇక్కడ కాదు, సిటీకి తీసుకుపొమ్మన్నారు. సిటీలో పెద్దాసుపత్రి, కాలినవాళ్ల వార్డు. ఒంట్లో సగానికి దగ్గరగా కాలిందని చెప్పారట. ఆ మాట నాకు చెప్పలేదు, మా వాళ్ల మొహాలు చూసి నేనే అర్థం చేసుకున్నాను.

నొప్పి గురించి ఎక్కువ రాయను. కట్లు మార్చేటప్పుడు ట్రాలీ చక్రాల చప్పుడు వార్డు ఆ చివరి నుంచి వస్తుంటే, అది నా మంచం దగ్గరికి రాకముందే ఏడుపు వచ్చేసేది. అంతవరకు చెప్తే చాలు. ఒక సిస్టర్ మాత్రం ప్రతిసారీ ముందే చెప్పేది. “అక్కా, ఇప్పుడు ఎడమ చెయ్యి తీస్తున్న. నువ్వు ఆగుమంటే ఆగుత,” అనేది. నేను ఆగమంటే నిజంగానే ఆగేది. ఆ వార్డులో నా మాట చెల్లింది ఆమె దగ్గర ఒక్కచోటే.

బయట వరండాలో జరిగినవన్నీ నాకు తర్వాత, మా వాళ్లకు టిఫిన్లు పట్టుకుని వస్తూ ఉండిన వరలక్ష్మి గారు చెప్పారు. కాలినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరినే పంపుతారు, గౌను, టోపీ, మాస్కు వేసి. మిగతావాళ్లు వరండాలో చాపలు పరుచుకుని పడి ఉండాలి. మా అత్తమ్మ రాజమ్మ మెట్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చునేదట. లోపలికి పోయి నన్ను చూడమంటే, “చూడలేను బిడ్డా, నా పానం పోతది,” అనేదట. ఎదురు మంచం పేషెంటు తాలూకు ముసలాయనకు రోజూ అన్నం పెట్టింది, ఆయన వెంట ఎవరూ లేరని.

మా అన్న మహేశ్ నాగారంలో ఉంటాడు. మొదటి రోజే వచ్చి మా ఆయన కాలర్ పట్టుకున్నాడు.

“నా చెల్లెను సంపనీకే పెండ్లి జేసుకున్నవా? ఆ డ్రమ్ము నువ్వొక్కనివే పట్టుకోరాదు?”

మా ఆయన కట్లు కట్టిన చేతులు రెండూ ముందుకు పెట్టుకుని నిలబడ్డాడట. అదేదో గొప్పగా నాకు చెప్పారు గానీ నాకప్పుడు జాలి కలగలేదు. నాకు కోపమే ఉంది. ఏ పనీ నిదానంగా చేయడు. నేను వాసన వస్తోందని చెప్పాను, వినలేదు. పడుకుని రాత్రీపగలూ ఆ రెండు మాటలే తిప్పుకునేదాన్ని.

కొన్ని రోజులకు చర్మం సంగతి మొదలైంది. కాలిపోయినదాన్ని తీసేసి, ఒంట్లో బాగున్న చోటు నుంచి పలచగా చర్మం పొర తీసి అక్కడ అతకాలి. ఆ మాట వినగానే వరండాలో మా అన్నా, మా ఆయనా మళ్లీ పోట్లాటకు దిగారు. నాది తియ్యండ్రి అంటే నాది తియ్యండ్రి అని.

“వాంది వద్దు డాక్టరమ్మా. మాది ఒక్క రక్తం, నాదే పట్టుతది,” అన్నాడట మా అన్న.

“అన్న అయినా, భర్త అయినా ఇంకొకరి చర్మం శాశ్వతంగా నిలవదండీ. ఒళ్లు దాన్ని నెమ్మదిగా తోసేస్తుంది. చివరికి ఆమెది ఆమెకే పనికొస్తుంది. మిమ్మల్నెవరినీ కోయం, కూర్చోండి,” అంది డాక్టరమ్మ. ఇద్దరూ చెరో గోడ పక్కకు పోయి కూర్చున్నారట.

ఏప్రిల్

చిక్కంతా ఎక్కడంటే, నా దగ్గర చర్మం చాలదు. తొడలు, వీపు మిగిలాయి. అవి రెండూ కలిపినా కాలిన చోటు ఎక్కువ. నేను కుట్టుపని మనిషిని కాబట్టి డాక్టరమ్మ చెప్పింది వెంటనే అర్థమైంది. తీసిన చర్మాన్ని మిషన్‌లో పెట్టి సన్నని గాట్లు పెడితే వలలాగా సాగుతుంది, తక్కువ గుడ్డతో ఎక్కువ మేర కప్పవచ్చు. అలా సాగదీసినా చాలదు. తీసిన చోట మళ్లీ పొర పెరిగేదాకా ఆగి, మళ్లీ తీయాలి. ఆ ఆగే రోజుల్లో గాయాలు తెరిచి ఉండకూడదు.

“అప్పటిదాకా దానంగా వచ్చిన చర్మంతో కప్పుతాం,” అంది డాక్టరమ్మ. “చనిపోయినవాళ్ల కుటుంబాలు ఇస్తారు. శుభ్రం చేసి, పరీక్షలు చేసి దాచి ఉంచుతారు. అది రెండు మూడు వారాలు కాపలా ఉంటుంది, తర్వాత మీది పెడతాం.”

కచ్చా కుట్టు లాంటిదన్నమాట. అసలు కుట్టు పడేదాకా గుడ్డ జారిపోకుండా వేసే కుట్టు. తలకు అంతా అర్థమైంది. ఒళ్లు మాత్రం వద్దంది.

చనిపోయిన మనిషి తోలు. ఆ మాట ఎలా తిప్పి చెప్పినా నాకు అలాగే వినిపించింది. చావింటికి పోయి వస్తే వాకిట్లోనే నీళ్లు పోసుకుని లోపలికి వచ్చే ఇల్లు మాది. అది చల్లగా ఉంటుందేమో, వాసన వస్తుందేమో అనుకున్నాను. ఇంటికి పోయాక మా పాప చిన్ని నా చెయ్యి మీద తల పెట్టి పడుకుంటే ఆ పిల్ల తల ఎవరి మీద ఉన్నట్టు? తప్పో ఒప్పో, అప్పుడు అలాగే అనిపించింది.

“నాకొద్దు,” అన్నాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. “జ్వరం మొదలైంది కవితా. గాయం తెరిచి ఉంటే చీము పడుతుంది, అది రక్తంలోకి పోతుంది. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ. రేపు పొద్దున్నకల్లా చెప్పు,” అంది. బతకడానికి ఒప్పుకుంటావా లేదా అని అడిగినట్టే. అది నాకూ తెలుసు.

ఆ సాయంత్రం మా ఆయన లోపలికి వచ్చాడు. పెట్టించుకో అంటాడని ఎదురుచూశాను. అనలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

“నువ్వేమంటవ్?” అని నేనే అడిగాను.

“నాకు మాట్లాడే మొహం లేదు కవితా. నువ్వేదంటే గదే. అమ్మకు మాత్రం తెల్వనియ్యకు. ఆమె ఒప్పుకోదు, మస్తు పరేషాన్ జేస్తది.”

అంత కోపంలోనూ అది నిజమని నాకు తెలుసు. మా అత్తమ్మకు మైల అంటే మైలే. పాలోళ్ల, అంటే దాయాదుల ఇంట్లో ఎవరైనా పోయారంటే పది దినాలూ మా ఇంట్లో దేవుడి దీపం ఉండదు, గడప దాటి ఎవరింటికీ పోం. పాల కోసం వచ్చినవాళ్లను కూడా గేటు దగ్గరే ఆపి, “మాకు ముట్టుడున్నది, దినాలైనంక రాండ్రి,” అని వెనక్కి పంపుతుంది. అలాంటి మనిషికి శవం తోలు కోడలి ఒంటి మీద పెడతారని ఎలా చెప్తాం? అందుకని ఇంట్లో అందరూ కలిసి ఆమె దగ్గర దాచారు. వరలక్ష్మి గారికి ఒక్కరికే దాచాలని చెప్పడం మరిచారు.

మర్నాడు తెల్లారగానే ఆవిడ ఇడ్లీలు పట్టుకుని వరండాకు వచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నారు. “ఏవండీ రాజమ్మ గారూ, కవిత ఒప్పుకుందా? ఎవరో మహానుభావులు చర్మం దానం చేశారంటగా,” అన్నారు. తర్వాత నాలుక కరుచుకున్నారు గానీ ఏం లాభం.

అత్తమ్మ ఇడ్లీ పొట్లం పక్కన పెట్టి లేచింది. మా ఆయన ఆపబోతే చెయ్యి విదిలించుకుని, రౌండ్స్‌కు వస్తున్న డాక్టరమ్మకు అడ్డం పోయి నిలబడింది.

“నీకు దండం బెడ్త గని, ఒక్కటి జెప్పు. ఆ తోలు ఇచ్చినోళ్లు ఎప్పుడు పోయిండ్రు?”

“ఎవరిదో చెప్పకూడదమ్మా.”

“ఎవలని నేనడుగుతలేను. ఎప్పుడని అడుగుతున్న.”

డాక్టరమ్మకు అర్థం కాలేదట. పక్కనున్న చిన్న డాక్టరును ఏదో అడిగి, “చాన్నాళ్లే అయిందమ్మా, కొన్ని నెలలు దాటింది. అలా దాచిపెట్టవచ్చు, పాడవదు,” అంది.

“నెలలంటే దినాలైనట్టే గద. కర్మలు జేసే ఉంటరు గద ఇంటోళ్లు?”

“చేసే ఉంటారమ్మా.”

అత్తమ్మ సిస్టర్ దగ్గరికి పోయి, “నాకు గా గౌను తొడుగు బిడ్డా, కోడలి దగ్గరికి పోవాలె,” అందట.

అన్ని రోజుల్లో ఆమె లోపలికి రావడం అదే మొదటిసారి. టోపీ చెవుల మీదికి జారిపోయి, మాస్కు వంకరగా పెట్టుకుని, నన్ను చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. ఇక తిడుతుందని అనుకున్నాను.

“దినాలు ఎన్నడో అయినయట కవితా,” అంది. “మైల లేదు, ముట్టుడు లేదు. డాక్టరమ్మనే అడిగొచ్చిన. నువ్వు గదే గద భయపడుతున్నవ్?”

నేను భయపడింది అది ఒక్కటే కాదు. అయినా తలూపాను.

“మైల పది దినాలే బిడ్డా. ఇగ ఆడికెళ్లి వాళ్లు పెద్దలల్ల కలుస్తరు. పెద్దమనిషి వచ్చి మీద చెయ్యేస్తే వద్దంటరా ఎవలన్న? పెట్టిచ్చుకో. జల్దీ పెట్టిచ్చుకో.”

శవం తోలు అని రాత్రంతా నేను వణికిపోయినదాన్ని ఆమె ఒక్క మాటలో పెద్దల చెయ్యి చేసేసింది. ఆమె చదువుకున్నది లేదు, డాక్టరమ్మ చెప్పిన వలలు, పొరలు ఏమీ ఆమెకు తెలియవు. ఆమెకు తెలిసిన లెక్క ఒకటుంది. ఆ లెక్కలో నేను బతకడానికి దారి ఉందేమో వెతికింది, దొరికింది. మా అత్తమ్మతో నాకు పదేళ్లుగా ఎన్నో గొడవలున్నాయి. అవన్నీ ఆ పూట ఎటు పోయాయో తెలియదు. సిస్టర్‌ను పిలిచి, సరేనని డాక్టరమ్మకు చెప్పమన్నాను.

మే, జూన్

ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చాక నాకు గుర్తున్న మొదటి సంగతి, గాలి. ఫ్యాను గాలి తగిలితే మంట పుట్టలేదు. అప్పటిదాకా ఒంటి మీద గాలి కూడా కత్తిలాగా ఉండేది. అది చల్లగా లేదు, వాసన లేదు. కట్టు విప్పినప్పుడు చూశాను, నా రంగు కంటే కాస్త తెల్లగా, నలిగిన బట్టలా పరుచుకుని ఉంది. కొన్ని రోజులకు జ్వరం దిగింది. నేను నిద్రపోయాను. అంత నిద్ర పెళ్లయ్యాక ఎప్పుడూ పోలేదని సిస్టర్‌తో అంటే నవ్వింది.

చిన్న సంగతైనా చెప్పాలి. దాని వైపు చూస్తూ మనసులో మాట్లాడుకునేదాన్ని. ఆడమనిషివా, మగవాడివా? మీ వాళ్లు సంతకం పెట్టేటప్పుడు ఎంత ఏడ్చారో? ఎవరూ చెప్పరు, చెప్పకూడదట. మొదట్లో అసహ్యం వేసిన దాని మీద తర్వాత తర్వాత బెంగ పుట్టింది, అది ఊడిపోతుందని. డాక్టరమ్మ చెప్పినట్టే అంచులు లేచాయి, అక్కడక్కడ జారింది. ఒక్కొక్క చోటా దాన్ని తీసి నాది పెడుతూ వచ్చారు. ఇలా థియేటర్‌కు చాలాసార్లు పోయాను. నిజం చెప్పాలంటే అతికిన చోటు కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. భయపడకండి, అది త్వరగానే మానుతుంది.

చివరి విడతకు తొడలూ వీపూ చాలక తల గీసి అక్కడి నుంచి కూడా తీశారు. తల మీద చర్మం తొందరగా మానుతుందట, వెంట్రుకలు మళ్లీ వస్తాయట. వచ్చాయి కూడా. ఇంటికి వచ్చాక మా వీధిలో ఒక ముసలామె నా గుండు చూసి, ఏ గుట్ట మీది దేవుడికో మొక్కు అనుకుని దండం పెట్టి, “ఏ గుట్టకు మొక్కుకున్నవ్ బిడ్డా?” అని అడిగింది. డాక్టరమ్మ గుట్టకు అన్నాను. అది ఎటు వైపో అడుగుతుందని జల్దీగా ఇంట్లోకి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక

ఆసుపత్రి అయిపోతే అన్నీ అయిపోయినట్టే అనుకుంటాం. కాదు. అతికిన చర్మం గట్టిపడి ముడుచుకుపోతుంది. మోచెయ్యి చాచకపోతే అలాగే ఉండిపోతుంది. ఒంటికి పట్టినట్టుండే బిగుతు చొక్కా రాత్రీపగలూ వేసుకోవాలి. దాని కుట్టు చూసి నాకు ఒళ్లు మండింది, చంకలో అంత మందం అతుకు ఎవరైనా వేస్తారా? విప్పి నాకు నచ్చినట్టు కుట్టుకుందామంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇక దురద. నొప్పినైనా ఓర్చుకోవచ్చు గానీ ఆ దురదకు మాత్రం మనిషికి పిచ్చెక్కుతుంది.

చిన్ని మొదటి వారం నా దగ్గరికి రాలేదు. వాళ్ల నానమ్మ కొంగు వెనక నిలబడి చూసేది. నేను బలవంతపెట్టలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చి, ముంజేతి మీద వల గుర్తులు వేలితో తాకి, “గీ డబ్బాలేంది మమ్మీ?” అని అడిగింది. కొత్త డిజైన్ అన్నాను. తనకు కూడా కావాలంది. వద్దు తల్లీ అని దగ్గరికి తీసుకున్నాను. ఆ రాత్రి ఎవరూ చూడకుండా ఎంత ఏడ్చానో.

పొద్దున పూట కొబ్బరినూనె రాసి చర్మాన్ని మర్దనా చేసే పని మా ఆయన తీసుకున్నాడు. కాస్త గట్టిగా అదిమితే నొప్పి, మెల్లగా రాస్తే లాభం లేదు. అలా రాస్తూ ఒకరోజు అన్నాడు.

“నువ్వు వాసనొస్తాందన్నవ్. నేను ఇనలే. రోజు గదే యాదికొస్తది.”

“రానీ. యాదికుండాలె,” అన్నాను. ఆయన సరేనని రాస్తూనే ఉన్నాడు. ఆ మాట అయ్యాక నాకు కొంచెం తేలికైంది. క్షమించానా అంటే, చాలావరకు. మిగతాది మెల్లగా పోతుంది. తను మాత్రం మా సందులో ఎవరింటికి డ్రమ్ము వచ్చినా పరుగెత్తుకుపోయి మిషన్ పెట్టనివ్వడం లేదు. వెనక నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటున్నారు, ఆయన మొహం చూసి ఆగేవాళ్లు ఆగుతున్నారు.

పెత్రమాస

బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్యను మేము పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. మా మామగారు పోయినప్పటి నుంచీ మా ఆయనే ఇస్తాడు. నేను బయటికి పోయి అప్పటికి ఎన్నాళ్లయిందో. ఎండ తగలకుండా కొంగు చేతుల మీదికి కప్పుకుని వాళ్లతో పాటు గుడికి పోయాను. అక్కడ చెట్లకింద, అరుగుల మీద మా ఊరి వాళ్లందరూ సంచులతో వరసగా ఉన్నారు. అయ్యగారు ఒక్కొక్కరి దగ్గర గోత్రం, పేర్లు అడిగి మంత్రం చెప్పి, బియ్యం తీసుకుంటున్నారు.

మా వంతు వచ్చింది. మా ఆయన వాళ్ల నాయిన, తాత, ముత్తాత పేర్లు చెప్పి ఇచ్చాడు. లేవబోతుంటే అత్తమ్మ ఆపింది. తన సంచిలోంచి ఇంకొక బియ్యం మూట, ఒక గుమ్మడి ముక్క, చింతపండు, పప్పు తీసి అయ్యగారి ముందు పెట్టింది. మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

“ఇది ఎవలి పేరు మీద రాజమ్మా?” అన్నారు అయ్యగారు.

“పేరు తెల్వది.”

“ఆడమనిషా, మగమనిషా?”

“గది గూడ తెల్వది అయ్యగారూ.”

వెనక వరసలో ఎవరో నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. “మరి మీకేమైతరు?” అని అడిగారు.

అత్తమ్మ నా కొంగు పక్కకు జరిపి నా చెయ్యి ఆయనకు చూపించింది.

“నా కోడలు కాలిపోయి, మీద తోలు లేక పండుకుంటే, పోయినోళ్లు ఎవలో వచ్చి కప్పిండ్రు. ఈమె తోలు ఈమెకు వచ్చేదాంక ఉండి పోయిండ్రు. వాళ్లింటోళ్లు ఇస్తనే ఉండొచ్చు. మా వంతు మేమియ్యాలె గద.”

“గోత్రమన్న తెలుసా?”

“మాదే జెప్పు,” అంది అత్తమ్మ. “మా కోడలి ఒంటి మీద ఉన్నంక మా ఇంటోళ్లు గాదా?”

అయ్యగారు మా గోత్రమే చెప్పారు. పేరు దగ్గర ఆగి ఏదో అన్నారు, నాకు సరిగ్గా వినబడలేదు. ఎవరి చేత ఇప్పిస్తారని అడిగితే అత్తమ్మ మూట నా చేతికిచ్చింది.

దోసిలి పూర్తిగా ముడుచుకోదు నాకు. మూట విప్పి, రెండు చేతులతో వచ్చినంత తీసుకుని పోశాను. అప్పటిదాకా ఆ మనిషిని నేను మొక్కుకున్నాను, తలుచుకున్నాను, ఎవరోనని ఆలోచించాను. కానీ ఆ మనిషి చనిపోయాడని, లేదా చనిపోయిందని, నాకు లోపలికి దిగలేదు. ఎవరింట్లోనో ఒక మంచం ఖాళీ అయింది. ఆ ఇంటివాళ్లకు కూడా ఇవాళ పెత్రమాసే. బియ్యం జారుతుంటే అది ఒక్కసారిగా నా మీద పడింది. అందరి ముందూ, గుళ్లో, గట్టిగా ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

మా ఆయన కంగారుగా నా భుజం పట్టుకుని, “ఊకో కవితా, అందరు చూస్తుండ్రు,” అన్నాడు.

అత్తమ్మ కొడుకు చెయ్యి తీసేసింది.

“ఏడువనియ్ రా. ఇంటోళ్లు పోతే ఏడువరా?”